జాబితాకెక్కని వైభవము

తెలుగు సంఘముల సంచికలను వరుసగా చదువువారికి ఒక సంగతి తోచక మానదు. ప్రతి సంచికలోను మన పూర్వుల వైభవమును గూర్చి నాలుగైదు వ్యాసములుండును. రాయలవారి దండయాత్రలు, మధుర తంజావూరు నాయకుల సాహిత్యపోషణము, పద్మశాలీల నేతపని, కామాటీల కండబలము, అన్నియు వర్ణింపబడును. తుదకు, ఇంతటి ఘనులమైన మనలను ఈ రాష్ట్రమువారు గుర్తింపకున్నారను నిట్టూర్పుతో వ్యాసము ముగియును. ఆ నిట్టూర్పునకు ఎదురు చెప్పుటకే నేను ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను. పరులు మనలను గుర్తింపలేదనుటకు ముందు, మన సొత్తునకు మనము గుర్తు పెట్టుకొంటిమా? ఏది ఎచటనున్నదో, ఎవరు కట్టించిరో, నేడు ఏ స్థితిలోనున్నదో ఒక పట్టికలోనైనను ఎక్కించితిమా?

ఈ ప్రశ్నకు సమాధానము ఒక అంతర్జాతీయమైన పోటీ చరిత్రలో నాకు కనబడినది. దాని పేరు 'వికీ లవ్స్ మాన్యుమెంట్స్'. ప్రాచీన కట్టడముల ఛాయాచిత్రములకై ఏటేట జరుగు పోటీ యిది. చిత్రములు పంపుట, వాటిని పరీక్షించుట, ఫలితములు ప్రకటించుట, సమస్తమును అంతర్జాలము మీదనే. దీనిని మన పెద్దలలో కొందరు కుర్రకారు కాలక్షేపమందురు. కొందరు బహుమతులకై ఆడు లాటరీ యందురు. ఈ రెండును దాని చరిత్ర నెరుగనివారి మాటలని నా మనవి.

ఆ చరిత్ర పెద్దది కాదు. అందరును వ్రాయదగిన విజ్ఞాన సర్వస్వమగు వికీపీడియాకు చిత్రములు సమకూర్చు భాండాగారముగా వికీమీడియా కామన్స్ అనునది 2004లో ఏర్పడినది. 2009లో కొన్ని దేశముల స్వచ్ఛంద సేవకులు ప్రదర్శనశాలలలోని కళావస్తువులను చిత్రించు పోటీలు నడిపిరి. ఆ యనుభవముతో నెదర్లాండ్సు దేశమువారు 2010 సెప్టెంబరులో వీధిలోనికి వచ్చిరి. ఆ చిన్న దేశమున ప్రభుత్వము రక్షించు కట్టడములు సుమారు 60,000 కలవు. ఆ పట్టికను ముందుంచుకొని, "మీ ఊరిలోనిది మీరు తీసి పంపుడు" అని ప్రజలను కోరిరి. ఒక్క నెలలో రమారమి 12,500 చిత్రములు వచ్చినవి.

మరుసటి యేడు, 2011లో, ఐరోపాలోని 18 దేశములు చేరినవి. వచ్చిన చిత్రములు 1,68,208. ప్రపంచములో అంతవరకు జరిగిన ఛాయాచిత్రముల పోటీలలో ఇదియే పెద్దదని గిన్నిసు పుస్తకమువారు నమోదు చేసిరి. 2012లో ఐరోపా ఎల్లలు దాటి ముప్పదికి పైగా దేశములు పాల్గొనినవి, చిత్రముల సంఖ్య మూడున్నర లక్షలు దాటినది. ఆ యేడే మన భారతదేశము మొదటిసారి చేరెను. చేరిన తొలి యేటనే అంతర్జాతీయ ప్రథమ బహుమతి ఢిల్లీలోని సఫ్దర్‌జంగు సమాధి చిత్రమునకు లభించినది. 2017లో ప్రథమ బహుమతి మరల మన దేశమునకే వచ్చెను. ఈసారి అది మహారాష్ట్రములోని జేజూరి ఖండోబా దేవాలయ చిత్రము. ఉత్సవమున భక్తులు చల్లిన పసుపుతో ఆలయప్రాంగణమెల్ల బంగారు వన్నె దాల్చిన దృశ్యమది. పూనాకు, షోలాపురమునకు వలసవచ్చిన మనవారెందరో ఆ ఖండోబా మెట్లెక్కినవారే. మన కండ్లెదుట పండుగ జరుగుచుండగా మనము ప్రసాదము తీసికొని వచ్చితిమి. చూడనేర్చినవాడు చిత్రము తీసికొని ప్రపంచమునకు చూపెను.

ఇక పోటీ నడచు తీరు. ప్రతి దేశములోను రక్షిత కట్టడముల పట్టిక యుండును. పట్టికలోని ప్రతి కట్టడమునకు ఒక సంఖ్య యుండును. భారతదేశపు పట్టికలో జాతీయ రక్షిత కట్టడమునకు 'ఎన్' అను అక్షరము, రాష్ట్ర రక్షిత కట్టడమునకు 'ఎస్' అను అక్షరము ముందుంచి, పిదప రాష్ట్రపు గుర్తు చేర్చి సంఖ్య నిచ్చిరి. చిత్రమును పంపువాడు ఆ సంఖ్యను జతపరుపవలెను. సంఖ్య లేని చిత్రము ఎంత అందమైనదైనను పోటీలో నిలువదు. ప్రతి దేశమునను న్యాయనిర్ణేతలు వచ్చిన చిత్రములను వడపోసి, పదింటికి మించకుండ ఏరి అంతర్జాతీయ న్యాయనిర్ణేతలకు పంపుదురు. వారు తుది తీర్పు చెప్పుదురు. ఇదంతయు ఒక కార్యాలయపు దస్తరము నడచినట్లు నడచును. ముప్పది యేండ్లకు పైగా గుమాస్తాగిరి చేసి విశ్రాంతి పొందిన నాకు ఈ పద్ధతి మిగుల నచ్చినది. రిజిస్టరులో లేని వస్తువు కార్యాలయమునకు లేనట్లే యని మాకు మొదటి దినముననే నేర్పుదురు. ఈ పోటీ ఆ సూత్రమును లోకమంతటికి నేర్పుచున్నది.

ఇప్పుడు ఆక్షేపణల సంగతి.

మొదటి ఆక్షేపణ: న్యాయనిర్ణేతలనుకొను పదిమంది పెద్దల కేమి తెలియును? జనము ఓట్లు వేసి నిర్ణయింపవలెనని కొందరి వాదము. మన సంఘములలోను పిల్లల చిత్రలేఖనపు పోటీలు పెట్టినప్పుడు, ఎవరి బొమ్మకు సెల్‌ఫోనులలో ఎక్కువ మెప్పులు పడినవో వారికే బహుమతి యని నడపుట నేడు వాడుకయైనది. దీనివలన బహుమతి పిల్లవాని చేతికి గాక, వాని మేనమామల సంఖ్యకు పోవుచున్నది. కుటుంబము పెద్దదైన పిల్లవాడు గెలుచును. తల్లి ఒక్కతెయే పెంచుకొను పిల్లవాడు ఎంత చక్కగ గీసినను ఓడును. ఇది కళకు పెట్టిన పోటీయా, బంధుబలగమునకు పెట్టిన పోటీయా?

అమెరికా అనుభవమును చూడుడు. మిచిగాన్ రాష్ట్రములోని గ్రాండ్ రాపిడ్స్ నగరమున 2009లో 'ఆర్ట్‌ప్రైజ్' అను కళాప్రదర్శన మొదలైనది. చూడవచ్చినవారు ఫోనులద్వారా, అంతర్జాలముద్వారా వేసిన ఓట్లనుబట్టి మొదటి బహుమతి రెండున్నర లక్షల డాలర్లు నిర్ణయింపబడెను. ఓటు మీద ఇంతటి నమ్మకముంచిన ఆ సంస్థయే 2014 వచ్చుసరికి పద్ధతి మార్చి, ప్రజల ఓటునకు రెండు లక్షల డాలర్లు, నిపుణుల తీర్పునకు రెండు లక్షల డాలర్లు అని సమానముగా పంచెను. ప్రజల మెప్పు వేరు, పరీక్ష వేరు అని వారు గ్రహించిరి. కొన్నిసారులు రెండును ఒకచోట కలియవచ్చును. ఆ 2014లోనే ఒక కళాకారిణి కృతి ప్రజల బహుమతిని గెలిచి, నిపుణుల బహుమతిలోను సగము పాలు పొందినది. కలిసినప్పుడు సంతోషమే. కలియునని నమ్మి పరీక్షనే తీసివేయుట అవివేకము. వీరేశలింగముగారి గ్రంథమునకు విలువ కట్టునప్పుడు సంతలో చేతులెత్తించి లెక్కింపలేదు గదా!

రెండవ ఆక్షేపణ దీనికంటె బలమైనది. ఈ పోటీకి పంపిన చిత్రమును ఎవరైనను వాడుకొనవచ్చును. తీసినవాని పేరు చెప్పవలెను, దానిని మార్చి వాడినచో ఆ మార్చినదానిని కూడ అదే షరతుపై ఇతరులకు విడువవలెను. ఈ రెండు నియమములు తప్ప వేరు కట్టుబాటు లేదు. వ్యాపారి క్యాలెండరు మీద వేసికొని అమ్ముకొనినను తప్పు లేదు. "కష్టపడి తీసినది ఊరక ఇచ్చుట యేమి? వాడు అమ్ముకొనుట యేమి?" అని మనవారు రోషపడుదురు.

అయ్యా, చలివేంద్రము పెట్టిన పుణ్యాత్ముడు దాహమునకు వచ్చినవాడు బాటసారియా, బండి కట్టి సరకు మోయు వర్తకుడా యని విచారించునా? చెరువు త్రవ్వించినవాడు ఆ నీటితో పండించిన ధాన్యము అమ్మరాదని శాసనము వేయించెనా? మన శాసనములలో ఆచంద్రార్కమని వ్రాసిన దానములన్నియు ఇట్టివే. ఇచ్చినవాని పేరు రాతిమీద నిలుచును, ఫలము ఊరందరిది. ఈ పోటీ చిత్రములకు పెట్టిన షరతు మన దానశాసనపు షరతే. కొత్తదని భయపడుటకు అందులో నేమియు లేదు. పైగా, దాచుకొన్న చిత్రముల గతి యేమైనదో మన ఇండ్లలోనే చూచుకొనవచ్చును. ఇనుపపెట్టెలలోని ఫోటోలు చెదలు తినినవి. పాత సెల్‌ఫోనులలోనివి ఫోనుతోపాటు పోయినవి. ఎవరికిని ఇయ్యని ఆస్తి చివరకు మనకును దక్కలేదు.

చట్టమును గూర్చి కూడ ఒక మాట. బహిరంగస్థలమున శాశ్వతముగా నున్న శిల్పమునకు, కట్టడమునకు ఛాయాచిత్రము తీయుట తప్పు కాదని మన 1957 కాపీరైటు చట్టపు 52వ సెక్షను చెప్పుచున్నది. ఈ స్వేచ్ఛ అన్ని దేశములలో లేదు. ఇటలీలో 2004 నాటి చట్టమువలన అచటి నిర్వాహకులు 2012 మొదలుకొని నగరపాలకులకు, యాజమాన్యములకు ఉత్తరములు వ్రాసి అనుమతులు తెచ్చుకొని పోటీ నడపవలసి వచ్చినది. బెల్జియములో 2016లో చట్టము మారువరకు ఇటీవలి కాలపు కట్టడముల చిత్రములను స్వేచ్ఛగా ప్రచురించుటకు వీలులేకపోయెను. మనకట్టి చిక్కు లేదు. కేంద్రరక్షిత కట్టడములలో సైతము, తాజమహలు సమాధిగృహము, అజంతా గుహలు, లేహ్ రాజభవనము తప్ప మిగిలినచోట్ల ఫోటోలు తీయవచ్చునని 2018 జూలైలో ప్రకటన వెలువడినది. అడ్డు లేని దారిలో నడువనివాడు దారిని నిందింపరాదు.

మూడవ ఆక్షేపణ నాదే. ఈ పోటీకి ఒక పెద్ద లోపమున్నది. పట్టికలో ఉన్నదానికే పంక్తిలో విస్తరి. లేనిదానికి లేదు. ఫలితముగా పేరుపొందిన కట్టడములకు వేలకొలది చిత్రములు, పేరు లేనివాటికి ఒక్కటియు లేదు. హంపిలో ఉదయగిరి విజయమునకు పిమ్మట రాయలవారు కట్టించిన కృష్ణాలయము పట్టికలో నున్నది. మధురలో తిరుమల నాయకుడు 1636లో కట్టించిన మహలు ప్రసిద్ధమే. వాటికి మనము లేకపోయినను చిత్రములు వచ్చును. మరి షోలాపురపు మగ్గపు ఇండ్లు? బొంబాయిలో తెలుగు కామాటీల పేరుననే వెలసిన కామాటిపురములోని తొలినాటి భజన మందిరములు? బరంపురము తెలుగు వీధులలోని దేవాంగుల మఠములు? 1954 వరకు ఫ్రెంచివారి యేలుబడిలో నున్న యానాములోని పాత మండువా లోగిళ్లు? 1958 నాటి కేంద్ర చట్టము ప్రకారము కట్టడమునకు నూరేండ్ల వయస్సు నిండినగాని ప్రాచీనమను మాట చెల్లదు. నిండినను ఎవరో ఒకరు అర్జీ పెట్టి, ఆధారములు చూపినగాని పట్టికకెక్కదు. దేశమంతటను కేంద్రరక్షిత కట్టడములు 3,600 పైచిలుకు మాత్రమే. ఇంతటి దేశమునకు ఆ సంఖ్య ఎంత? అందులో నేతగాని ఇంటికి, కూలివాని గుడికి చోటెక్కడ?

ఈ లోపమునకు పోటీ పెట్టినవారిని దూషింపవచ్చును. దూషించి కూర్చుండినచో మన సంచికలలో మరియొక నిట్టూర్పు పెరుగును. పట్టిక లేనిచోట పట్టిక కట్టుకొనుట యుత్తమము. పోటీ నెలలో పట్టికలోని కట్టడములకే బహుమతి గాని, వికీమీడియా కామన్సులో సంవత్సరము పొడుగునను ఏ యూరి గుడి చిత్రమునైనను చేర్చవచ్చును. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరు నుండి యున్నది. ఆధారములు చూపి మన ఊరిని గూర్చి, మన పేటను గూర్చి అందు వ్రాయవచ్చును. దీనికి డిగ్రీలక్కరలేదు. మెట్రిక్యులేషనుతో చదువు ముగించిన నావంటివానికి కూడ చేతనగు పని యిది.

మన పూర్వులకు ఈ పని కొత్త కాదు. రెండువందల యేండ్ల క్రిందట మెకంజీ దొర దక్షిణదేశపు గ్రామముల వృత్తాంతములను సేకరించినప్పుడు, ఆయనకు కుడిభుజమై నిలిచినవారు కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులు. ఊరూరి కరణములు చెప్పినవి, చూపినవి కైఫీయతులైనవి. మెకంజీ 1821లో మరణించెను. కాని నేటికిని ఒక గ్రామచరిత్ర వ్రాయదలచినవాడు ఆ కైఫీయతుల తలుపు తట్టవలసినదే. ఆ కరణములలో కవులు కొద్దిమందియే. అధికసంఖ్యాకులు లెక్కలు వ్రాయువారు. ఏ చెరువు ఎవరు త్రవ్వించిరి, ఏ గుడికి ఎన్ని వరహాల మాన్యము, అను పొడి మాటలు వ్రాసిరి. ఆ పొడి మాటలే మిగిలినవి. ఆనాటి సభలలో చేసిన పొగడ్తలలో ఎన్ని మిగిలినవి?

వ్రాతలేమి ఎంత నష్టము తెచ్చునో నేనున్న ఊరిలోనే చూచితిని. మావారు చందాలు వేసికొని కట్టిన తెలుగు బడి యొకటి యుండెడిది. గోడలో దాతల పేర్లు తెలుగున చెక్కిన నల్లరాతి పలక యుండెడిది. రోడ్డు వెడల్పు చేయు సందర్భమున ఆ కట్టడము పోయినది. పలకనైనను వేరుచేసి ఇప్పింపుడని మేము అర్జీ పెట్టితిమి. అట్టి పలక ఉండెననుటకు రుజువేమని కార్యాలయమువారు అడిగిరి. నలుబది కుటుంబములవారు ఇండ్లు వెదకిరి. ఆ బడిలో చదివిన పిల్లల పెండ్లిండ్ల ఫోటోలు సంచులకొలది దొరకినవి. పలక ఫోటో ఒక్కటియు దొరకలేదు. రాళ్లతోపాటు పలకయు వెళ్లిపోయినది. అడిగినవాని ప్రశ్న నిర్దయమైనదే. కాని అక్రమమైనది కాదు. కాగితము లేనిచో ఏ గుమాస్తాయైనను అదే యడుగును.

చిత్రమున్నచో ఏమి మిగులునో దూరదేశములు చెప్పుచున్నవి. ఈ పోటీలో 2014 ప్రథమ బహుమతి ఉక్రెయినులోని దోనెత్స్కు ప్రాంతమున కొండమీద వెలసిన స్వియతోహిర్స్కు మఠపు చిత్రమునకు వచ్చినది. 2022లో యుద్ధము ఆ మఠమును ముట్టినది. మఠమునకు చెందిన కొయ్య దేవాలయమొకటి ఆ జూన్ మాసమున తగులబడిపోయెను. బ్రెజిలు దేశమున 2018 సెప్టెంబరు 2వ తేదీ రాత్రి రియో నగరపు జాతీయ ప్రదర్శనశాల కాలిపోయినప్పుడు, ఆ వస్తువుల చిత్రములు ఎవరియొద్దనున్నను పంపుడని వికీపీడియావారు లోకమునకు విన్నవించిరి. యాత్రికులు వినోదమునకు తీసికొన్న ఫోటోలు ఆ దినమున దస్తావేజులైనవి. చిత్రము కట్టడమును కాపాడలేదు, నిజమే. కాని కట్టడము ఉండెనని సాక్ష్యము చెప్పగలదు. మరల కట్టదలచినవానికి కొలత చెప్పగలదు. మనబోటి అల్పసంఖ్యాకులకు సాక్ష్యమే ప్రాణము. అధికసంఖ్యాకులకు ఊరంతయు సాక్ష్యమే. మనకు కాగితము కావలెను.

అందువలన మన సంఘములకు నా విన్నపము ఇది. ఈ యేడు వైభవవ్యాసములు రెండు తగ్గించి, ఆ పుటలలో పట్టికలు వేయుడు. ఊరిలో తెలుగువారు కట్టిన గుళ్లు, మఠములు, సత్రములు, బడులు, మగ్గపుశాలలు, సమాధులు, శిలాఫలకములు ఒక్కొక్కటిగా వ్రాయుడు. ఎప్పుడు కట్టినది, ఎవరు కట్టిరి, ఎచటనున్నది, ఇప్పుడెట్లున్నది అను నాలుగు గడులు చాలును. వయస్సు తెలియనిచో ఆ గడి ఖాళీగా నుంచుడు గాని, గొప్పకై రాయలవారి కాలమని వ్రాయకుడు. ఒక్క అబద్ధపు వరుస పట్టికనంతటిని చెరచును.

పిల్లలకు పోటీ పెట్టుడు. అయితే మెప్పుల లెక్కతో కాదు. పట్టికలోని కట్టడమును సూటిగా, స్పష్టముగా తీసి, వివరము సరిగా వ్రాసినవానికి బహుమతి యిండు. తెలుగు చదివిన ఒక ఉపాధ్యాయుడు, ఛాయాచిత్రములు తీయ నేర్చిన ఒకడు, ఊరి చరిత్ర తెలిసిన ఒక వృద్ధురాలు, ఈ మువ్వురు పరీక్షకులుగా నుండిన చాలును. గర్భగుడిలో ఫోటో వలదన్నచోట తీయకుడు. ఎవరి ఇంటిలోనికైనను అడిగి పొండు. చిత్రము క్రింద వివరము తెలుగులో వ్రాయుడు, దానితోపాటు కన్నడములోనో, అరవములోనో, ఒడియాలోనో, మరాఠీలోనో మీరున్న సీమ భాషలో కూడ వ్రాయుడు. ఇరుగుపొరుగువారు చదివినగాని అది వారికి తెలియదు. తెలిసినగాని వారు దానిని తమ ఊరి సొత్తుగా చూడరు. వారు అట్లు చూచినగాని అది నిలువదు. ఇంగ్లీషున మాత్రము వ్రాసి ఊరకుండినచో, తాత కట్టిన గుడిపేరు మనుమడు కూడ తెలుగున పలుకలేని దినము వచ్చును.

మన పేరు ప్రపంచపు బహుమతుల పట్టికలో ఎక్కకున్నను చింత లేదు. లక్షలకొలది చిత్రములలో ప్రథమ బహుమతి ఒక్కటియే. ఆ ఒక్కటి తప్పినవారి చిత్రములన్నియు వ్యర్థములు కాలేదు. వారి వారి ఊళ్ల పేర్లతో, వారి పేర్లతో భాండాగారమున నిలిచియున్నవి. పోటీ యొక నెపము, పట్టిక ముఖ్యము. వైభవమును పాడుకొనుట సులభము, పట్టికలో వ్రాయుట కష్టము. ఆ కష్టము పడనివారికి గుర్తింపు లేదని ఫిర్యాదు చేయు హక్కు లేదని నా నిశ్చితాభిప్రాయము.